రివర్సు పడని కారు

ఈ ఉదయం రొంపిచెర్లలో చావుబతుకుల్లో ఉన్న మరియమ్మగారు నా ప్రార్థన కోసం ఎదురుచూస్తుంటే, నేను పాత కారుతో ఇరుకు కాలువ కట్టపై చిక్కుకున్నాను. ఎదురుగా మిరప బస్తాలతో సుబ్బయ్య ఎడ్లబండి. గేరు రాడ్డును రివర్సులోకి తోసిన ప్రతిసారీ అది గరగరమని అరిచి నా అరచేతిని నెట్టేసింది.

“ఏంది అయ్యగారూ, ఆదివారం మమ్మల్నందర్నీ పాపంలోంచి ఎనక్కి తిరగమని చానా కేకలేశారుగా! ముందు మీరు తిరగండి.”

“గేరు పడట్లేదయ్యా!”

“మాకూ అంతేనండీ.”

ఒళ్లోని బైబిలును పక్కసీట్లో పెట్టి, రెండు చేతులతో రాడ్డును తోశాను. అది మళ్లీ గరగరమంది. సుబ్బయ్య నవ్వి, ఎడ్లను విప్పి, కారు పక్కగా ఒక్కొక్కదాన్నీ దాటించి, వెనక తాడుతో కట్టి, కారును కట్ట మొదలుదాకా లాగించాడు. అతని బండి దాటాక నేను రొంపిచెర్ల చేరేసరికి మరియమ్మగారు ప్రాణంతోనే ఉన్నారు.

ఇన్నేళ్లూ తిరగమని అరిచానే తప్ప, ఒక్కరికైనా తాడు కట్టి లాగానా? ఈ సాయంత్రం ప్రార్థనకు వచ్చిన మీలో ఎవరినైనా లాగి ఉంటే చెప్పండి.