నాలుగో రీలు

అమ్మన్న మావ పేరు చెబితే నాకు ఒళ్లు మండేది. చిన్నప్పుడు మండింది ఒకందుకు, పెద్దయ్యాక మండింది ఇంకొకందుకు.

ఆయన బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఖలాసీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాల్లో సినిమా మిషను తిప్పడం తెలిసినవాడు ఆయనొక్కడే. ఆదివారం డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కిరసనాయిలుతో తోముకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రైల్వేవాళ్ల క్లబ్బయిన ఇన్‌స్టిట్యూట్ హాలుకి వచ్చేవాడు. అక్కడ మాత్రం అందరూ ఆయన్ని ఆపరేటర్‌గారూ అనేవారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం.

ఇన్‌స్టిట్యూట్‌కి సొంతంగా ఉన్నవి రెండే సినిమాలు. ఒకటి ఏ దేశానిదో తెలియని బొమ్మల సినిమా. గొర్రెపిల్ల ఒకటి రైలెక్కి తల్లిని వెతుక్కుంటూ పోతుంది. ఆ భాష ఎవరికీ తెలియదు కాబట్టి మావే మైకులో కథ చెప్పేవాడు. రైలు వంతెనెక్కగానే లెన్సుకి చెయ్యి అడ్డం పెట్టేసేవాడు! హాలంతా చీకటి. "అచ్ఛా, గొర్రిపిల్ల తొంగుంది, మీరూ కళ్లు మూసుకోండి" అనేవాడు. మేం ఈలలు వేసి గోల చేసేవాళ్లం.

రెండోది పదకొండు పాటల తెలుగు కుటుంబ చిత్రం. అది మరీ ఘోరం. తండ్రి హార్మోనియం ముందు కూర్చుని పిల్లలతో పాడుతుంటాడు. మరుక్షణం తల్లి కుట్టుమిషను తొక్కుతుంటుంది, పిల్లలు వీధిలో పాడి అడుక్కుంటుంటారు. తండ్రేమయ్యాడ్రా భగవంతుడా అంటే, "నాన్న లాంగ్ డ్యూటీలో ఉన్నాడు" అని మైకులో మావ!

1982లో నాకు పన్నెండేళ్లు. మా నాన్న గూడ్సు గార్డు. క్వార్టర్ల పిల్లల్లో తెలుగు తప్పుల్లేకుండా రాసేది నేనొక్కదాన్నే, ఆ పొగరూ ఉండేది. ఆ సినిమా మూడోసారి చూసిన రోజు కోపం ఆపుకోలేక కమిటీకి ఫిర్యాదు రాశాను. "ఆపరేటర్ తాగివచ్చి రీళ్లు మరిచిపోతున్నాడు" అని. ఆయన తాగగా నేనెప్పుడూ చూడలేదు. అబద్ధం. కింద మొదటి సంతకం నాదే, తర్వాత పిల్లలూ తల్లులూ పెట్టారు. మీటింగులో అడిగితే ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. హాలు తాళం లాక్కున్నారు. అప్పట్నుంచి షెడ్డులోనూ బజారులోనూ ఆయన తాగుబోతు అమ్మన్నే.

1996లో ఆ సినిమాలు పారేద్దామనుకున్నారు. అప్పటికి నేను రైల్వే ఆఫీసులో క్లర్కుని, ఇన్‌స్టిట్యూట్ కమిటీ మెంబరుని. ఎంత చెత్తో ఆఖరిసారి చూసి తిట్టుకుందామని, కొత్త ఆపరేటర్ దిలీప్ చేత మధ్యాహ్నం పూట వేయించాను. ఈసారి లెన్సుకి చెయ్యి అడ్డం లేదు. వంతెన విరిగి గొర్రెపిల్ల రైలు నదిలో పడింది.

రెండో సినిమా నాలుగో రీలు డబ్బా మూత మీద తెల్ల పెయింటుతో 'ఎయ్యకూడదు' అని మావ చేతిరాత. వేయించాను. ఆ తండ్రి గూడ్సు గార్డు. వానలో బండి పట్టాలు తప్పుతుంది. అతని జెండాలు, లాంతరు తెచ్చి భార్య చేతిలో పెడతారు.

మేం సినిమా చూసే ఆ హాల్లో సగం మంది గార్డుల, డ్రైవర్ల పెళ్లాలూ పిల్లలే. వాళ్లు కుర్చీల్లో ఉంటే మగవాళ్లు లైను మీద ఉండేవారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. తిన్నగా దయాల్‌బంద్ పేటలో మావ ఇంటికి పోయాను. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"మీటింగులో నోరెందుకు విప్పలేదు మావా? పద్నాలుగేళ్లు తాగుబోతు అనిపించుకున్నావు, నీకు పౌరుషం లేదా?" అని అరిచాను. అబద్ధం రాసింది నేను, మళ్లీ అరుస్తున్నదీ నేనే.

ఆయన భార్య చిన్నతల్లి లోపల్నుంచి దూసుకొచ్చింది. "ఓలమ్మో! సేసిందంతా సేసి, ఇంటిమీదకొచ్చి అరుత్తందేటిది!"

"అరవనియ్యే," అన్నాడు మావ. నా వైపు తిరిగాడు. "సెప్తే ఆ రీలు సూపించమంతారు కదమ్మా. ఆ మీటింగులో మీ యమ్మ ముందు వరసలో కూకుంది. ఆ పొద్దు మీ నాన్న బండిమీదున్నాడు. ఏటని సెప్పమంతావు?"

ఛీ, నా బతుకు అనిపించింది. రేపు కమిటీలో అందరి ముందూ నిజం ఒప్పుకుంటానన్నాను. మావ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"నువ్వూరుకో," అని చిన్నతల్లి ఆయన్ని కసిరింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపే సెప్పాల. ఆయన బతికుండగా సెప్పాల. నానొచ్చి నీ ఎదురుగా కూకుంతాను. ఒక్క ముక్క మింగినావంటే అక్కడే సెంప పగలగొడతాను."