ఆర్విల్ ఓదార్పు

మా ఆర్విల్ కోవల్ ఎవరినీ ఓదార్చడు. ఎదుటివాళ్లు ఏడిస్తే, ఆ ఏడుపుకి కారణమేమిటో కనుక్కుని దాన్ని బాగుచెయ్యడానికి బయల్దేరతాడు. కెనడాలోని మా విన్నిపెగ్‌లో లిఫ్టులు బాగుచేసే మనిషి. మనుషుల్నీ అలాగే చూస్తాడు.

కిందటి చలికాలం, మంచు మీద బరువైన రాయిని గురిచూసి జారించే కర్లింగ్ ఆట ఫైనల్లో మా కెప్టెన్ గ్లాడిస్ కాలు జారింది, రాయి గురితప్పింది, కప్పు పోయింది. డెబ్బై ఏళ్ల మనిషి, మంచు మీదే కూలబడి భోరుమంది. మేమంతా "అయ్యో, అయ్యో" అంటుంటే ఆర్విల్ వచ్చి ఆవిడ కుడికాలి బూటు లాగేశాడు.

"ఏం చేస్తున్నావయ్యా!"

"అడుగున రబ్బరు అరిగిపోయిందండీ. మీరు ఏడుస్తూ ఉండండి, నేను అతికించి తెస్తాను."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "మనిషిలా ఓ మంచి మాట అనడం నేర్చుకో! అప్పుడే నీకు జట్టులో చోటు!"

ఆర్విల్‌కి ఆ జట్టు తప్ప వేరే లోకం లేదు. ఆటిజం ఉన్నవాళ్లు నలుగురితో కలవడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను పనికొస్తుందేమోనని మా యూనివర్సిటీలో పరీక్షిస్తున్నారు. ఆర్విల్‌కీ ఆటిజం ఉంది కాబట్టి, అది తెలిసి, వచ్చి ముక్కు పైకెత్తి నా ముందు కూర్చున్నాడు.

నేనక్కడ నర్సుని. ముక్కులో కొట్టే సీసాలో హార్మోనుందో, ఉత్త ఉప్పునీళ్లున్నాయో నాకూ తెలియదు, అతనికీ తెలియదు. మందుకి ముందో పరీక్ష, తర్వాతో పరీక్ష. బ్రిజిట్ అనే అమ్మాయి వచ్చి "నా పిల్లి తప్పిపోయింది" అని దొంగ ఏడుపు ఏడుస్తుంది. కళ్లలోకి చూసి నాలుగు మంచి మాటలు చెబితే, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నుంచి ప్రొఫెసర్ ఐనర్సన్ మార్కులేస్తాడు.

మొదటిసారి ఆర్విల్ "ఏ రంగు?" అని అడిగి, జవాబైనా వినకుండా లేచి వెళ్లిపోయాడు. సున్నా. మధ్యాహ్నం దాటాక, మీసాలకి మంచు పేరుకుపోయి, చంకలో బూడిదరంగు పిల్లితో ఊడిపడ్డాడు.

"ఇదేనా?"

గుట్టు బయటపెట్టకూడదని రూలు. "కా... కాదండీ," అంది బ్రిజిట్.

మళ్లీ వెళ్లాడు. చీకటిపడేలోగా మా గదినిండా పిల్లులే పిల్లులు. వాటిని పెంచుకునేవాళ్లంతా వచ్చి ప్రొఫెసర్ని చెడామడా తిట్టిపోశారు.

ఆ తర్వాత వారాల తరబడి అతని ముక్కులో మందు కొట్టాను. రెండో పరీక్షకి ఆర్విలే గ్లాడిస్‌ని రమ్మన్నాడు. ఆవిడ అద్దం వెనక కూర్చుంది. నేను అతని చెవిలో ఊదాను: "కదలకు బాబూ. 'అయ్యో పాపం' అను, చాలు." తర్వాత నేనూ అద్దం వెనక్కి చేరాను.

బ్రిజిట్ మళ్లీ అదే ఏడుపు ఎత్తుకుంది. ఆర్విల్ కుర్చీని గట్టిగా పట్టుకుని, ఆమె కళ్లలోకి చూశాడు. "అయ్యో..." అన్నాడు. ప్రొఫెసర్ పెన్ను పైకి లేచింది.

"...మళ్లీనా? అయితే తప్పు పిల్లిది కాదమ్మా, మీ తలుపుది. ముందు పిల్లిని పట్టుకొస్తా, తర్వాత గొళ్లెం చూస్తా."

కోటు తొడిగేసి, గుమ్మంలో ఆగి అద్దం వైపు తిరిగాడు. "గ్లాడిస్ గారూ, నా చోటు పోతుందని తెలుసండీ. కానీ బయట మైనస్ ముప్పై. చచ్చిపోతుంది పాపం."

ఈసారి బ్రిజిట్‌కి నిజంగానే ఏడుపొచ్చేసింది. "నాకసలు పిల్లే లేదండీ! అంతా నాటకం!"

మేం సిగ్గుతో తలెత్తలేకపోయాం. ఆర్విల్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"హమ్మయ్య! అయితే చలిలో ఏ పిల్లీ లేదన్నమాట!"

ప్రొఫెసర్ మళ్లీ సున్నా వేశాడు. సీసాలో ఉన్నది ఉత్త ఉప్పునీళ్లేనని ఆనక తెలిసింది లెండి. గ్లాడిస్ మాత్రం తన కుడికాలి బూటు కేసి చాలాసేపు చూసుకుంది. ఆర్విల్ అతికించిన నాటి నుంచి అది ఒక్కసారీ జారలేదు.

లేచి వెళ్లి అతని ముందు నిలబడింది. "ఏమయ్యా, శనివారం ఆటకి కాస్త ముందుగా రా," అంది. "ఎడమదాన్ని కూడా చూడాలి."