నల్లపూత కింది గుంతలు

ఐటీ ఊపులో సింగపూర్ వచ్చి పడ్డాక, అంతకుముందు బాలానగర్‌లో ఇనుప సామానుకు నల్లపూత పెట్టే షెడ్డులో పనిచేశానని నేనెవరికీ చెప్పుకోలేదు. జురాంగ్ వెస్ట్‌లో మా పై అంతస్తులో ఉండే హైదరాబాదీ మిత్రుడికి మాత్రం తెలుసు. ఒక ఆదివారం అతను ఫోన్ చేసి, "అన్నా, జర పైకి రా. ఒక్కడివే రా" అన్నాడు.

ఇండియా నుంచి ఓడలో వేసిన ఇంటిసామాను ముందురోజే దిగిందట. బిర్యానీ డేగిశాలో, తాత షేర్వానీ మడతల మధ్య పిస్తోలు! నిజాం ఫౌజులో ఆయన నడుముకు కట్టుకున్నది. తాత గుర్తుగా కొడుకింట్లో ఉండాలని, వాళ్ళమ్మ ఇక్కడికి విమానమెక్కే ముందు ఎవరికీ చెప్పకుండా సర్దేసిందట, ఆవకాయ జాడీ సర్దినట్టు. ఈ దేశంలో తుపాకీ ఇంట్లో ఉంటే జైలు, బెత్తం దెబ్బలు. పేలిస్తే ఉరి. నాకు ఒళ్ళు మండింది.

"పోలీసులకు నేనే ఫోన్ జేస్త. తాత పోయినప్పటి సంది ఎవ్వలు ముట్టలేదని చెప్త. మరి అది నిజమేనా? పూత పాతదేనా, కొత్తదా, నువ్వు చూసి చెప్పు. అబద్ధమని తేలితే నా పని ఖతం" అన్నాడు.

చేతిరుమాలుతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పాతదే అయి ఉండాలని మనసులో మొక్కుకున్నాను. పాత పూతయితే తోలు ఒర రాసుకున్న అంచుల దగ్గర తెల్లబడాలి, తుప్పు తిన్న గుంతల్లో గోధుమరంగు కనబడాలి. ఇక్కడ అంచులు కూడా నిగనిగలాడుతున్నాయి. గుంతల అడుగున కూడా నలుపే. అంటే తుప్పు పట్టిన తర్వాతే ఎవరో సానబట్టి పూత వేశారు. సానకు అరిగి, గొట్టం మీద చెక్కిన అక్షరాలు సగం చెరిగిపోయాయి.

"కొత్తదే" అన్నాను.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ సంబరంగా ముందుకొచ్చింది. "అవును బేటా, పిల్లలు చూస్తే మంచిగ కనబడాలని పోయిన రంజాన్‌కు నేనే బాగుజేయించిన. మిస్త్రీ లోపల స్ప్రింగు గూడ ఏశిండు. ఇప్పుడు పేలుతది అన్నడు."

మిత్రుడు, "అన్నా, నువ్వు కిందికి పో. నువ్వేం చూడలే" అంటూ ఫోన్ అందుకున్నాడు. నిజం చెప్పాలంటే వెళ్ళిపోవాలనే ఉంది. అయినా అక్కడే నిలబడ్డాను.

ఉన్నదున్నట్టు అంతా పోలీసులకు చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు. అప్పటికే వాళ్ళమ్మ బురఖా వేసుకుని, మందుల సంచీ పట్టుకుని వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చుంది.

"నేనే తెచ్చిన, నేనే చెప్త. నువ్వు జైలుకు పోతే పిల్లలేం తింటరు?"

"అమ్మీ!" అని అతను అరిచాడు. ఆమె అతని వైపు చూడలేదు.

నా వైపు తిరిగి, "లోపల నమాజుకు జాగ ఇస్తరా బేటా?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను.