మా యారాలి మధ్యాహ్నం

మొన్న మంగళారం మధ్యాహ్నం రెండున్నరకు నా కోడలు తన ఖోలీలకు పోయి తలుపేసుకున్నది. లోపట బోల్టు టక్కున పడ్డది. వారంల మూడు దినాలు ఆమె ఇంట్ల కూసొనే ఆఫీసు పని చేస్తది. దినమంతా ఎట్ల గడపాలెనో ఫోన్ల రంగురంగుల పట్టీలు పెట్టుకున్నది. నీలం పట్టీ ఆఫీసుకు, పచ్చది వంటకు, ఎర్రది బట్టలకు బోళ్లకు, ఇంకో రంగుది ఒట్టిగ పండుకునేటందుకు. పొద్దుగాలనే నాకు చెప్పింది, "అత్తమ్మా, రెండున్నర నుంచి మూడున్నర దాకా నా ఆరామ్ టైము. ఎవరొచ్చినా లేపకుండ్రి." సరే బిడ్డా అన్న. అని, మూడు గాకముందే ఆ తలుపు ముందట చెయ్యి లేపి నిలబడ్డ. పసుపు డబ్బా ఎక్కడ పెట్టినవని అడుగుదామని. పసుపు డబ్బా నా రెండో చేతిలనే ఉన్నది.

నాకు అరవై రెండేండ్లు. ఇరవై ఏడేండ్ల పిల్ల గంటసేపు నడుము వాలిస్తే నా కడుపు ఎందుకు మండాలె? మండింది. దాచుకునేదేమున్నది. కొట్టబోయిన చెయ్యి ఎనక్కి తీసుకొని ఖోలీల ముందటి గాలరీల కూసున్న. కూసుంటే తెలిసొచ్చింది, ఈ మంట కోడలి మీద పుట్టింది కాదు, ముప్పై ఏండ్ల కిందిది. ఆ ఖోలీ అప్పట్ల మా యారాలిది, అంటే మా మరిది పెండ్లాంది. తలుపు అదే. తలుపు బయట నిలబడి కుళ్లుకున్నదాన్ని కూడా నేనే.

కామాటిపురాల ఖోలీకొక సంసారముండే మా చాల్ చూసినోళ్లకు చెప్పే పని లేదు, చూడనోళ్లకు చెప్పినా నమ్మరు. మా మామ తాతలు రాళ్లు కొట్టి, సున్నం మోసి ఈ శహరంల పెద్ద పెద్ద ఇమారతులు లేపిన్రంట. వాళ్ల వంశానికి మిగిలినయి రెండో అంతస్తుల రెండు ఖోలీలు. ఒకదాంట్ల మేము, పక్కదాంట్ల మరిది వాళ్లు, నడుమ చెక్క గోడ. ఇక్కడ పిల్లగాడు తుమ్మితే అక్కడి నుంచి చిరంజీవ అంటుండె మా యారాలు. మా ఆయన నాగ్‌పాడాల ఒక కార్ఖానాల పని చేస్తుండె, మరిది బిల్డింగులకు ఫరశీ బండలు వేస్తుండె. అత్తమ్మ తినుడు నా దగ్గర, తిట్టుడు ఇద్దర్నీ. ఇగ తలుపుల సంగతంటరా, మా చాల్ల తలుపు మూసేటందుకు కాదు. పాలోడు వచ్చినప్పుడు తెరిస్తే మళ్ల రాత్రి బువ్వలు తిన్నంకనే వేసేది. పగటిపూట మూసిన తలుపుకు మా దగ్గర మూడే అర్థాలు: లోపట పీనుగన్న ఉండాలె, కొట్లాటన్న కావాలె, కొత్త పెండ్లన్న అయి ఉండాలె. మా యారాలు పాలమూరు దిక్కు నుంచి వచ్చిన పిల్ల, ఆమెకు ఇవేవీ పట్టలేదు. ఇద్దరు పిల్లలు పుట్టి బడికి పోవుడు మొదలైనంక, దినాం మధ్యాహ్నం రెండు కాంగనే తలుపేసి మూడున్నరకు తీసేది.

ఇద్దరం చీరలకు ఫాల్ కుడుతుంటిమి. సోమారం సోమారం ఒకామె చీరల మూటలు తెచ్చి చెరొకటి ఇచ్చేది, మళ్ల సోమారానికి అంచులన్నీ కుట్టి తయారు పెట్టాలె. నేను పొద్దున బోళ్లు తోమి కూసుంటే దీపం పెట్టే యాళ్లదాకా లేవకపోయేదాన్ని. మెడ గుంజుడు, పప్పు మాడుడు, పిల్లల మీద అరుసుడు. అయినా ఆదివారం సాయంత్రం నా మూటల ఐదారు చీరలు మిగిలే ఉండేవి. ఆమె మూట శుక్రారానికే ముడివడి గోడకు ఆనుకొని ఉండేది. అన్నం మెత్తగైంది లేదు, కూర మాడింది లేదు. సాయంత్రం తలకు నూనె పెట్టుకొని, జడ అల్లుకొని, మల్లెపూలు ముడుచుకొని గాలరీల నిలబడేది మహాతల్లి. వీటన్నింటి మీద గంటన్నర నిద్ర! ఒక్క అత్తకు ఇద్దరు కోడండ్లం, ఒక్క నల్లా నీళ్లే తాగుతున్నం. మరి దేవుడు ఆమె దినంల రెండు గంటలు ఎక్కువ కలిపిండా, నా దాంట్ల కోసిండా? కండ్లల్ల నిప్పులు పోసుకున్న. బియ్యం చాట పట్టుకొని గాలరీల కూసొని ఆమె ఏం చేస్తదో చూసుడు మొదలుపెట్టిన. ఆ నెలల మా ఇంట్ల బియ్యంల రాళ్లు గాదు, నూకలు గూడ మిగల్లేదు.

చూస్తే ఆమె దగ్గర మంత్రమేం లేకుండె. నల్లా పొద్దున ఐదింటికి వచ్చేది, అందరం హండాలు లైన్ల పెట్టి, నీదెన్కనా నాదెన్కనా అని గొంతులు చించుకునేటోళ్లం. ఆమె తన హండా పెట్టి మెట్ల మీద కూసొని పది సూదులకు దారం ఎక్కించి ఒక పాతగుడ్డకు గుచ్చుకునేది. వంట ఒక్కసారి, కూర రెండు పూటలకు. హల్దీకుంకం పేరంటానికి పదిండ్ల నుంచి పిలుపొస్తే రెండిండ్లకు పోయి, మిగిలినోళ్లకు "ఇయ్యాల కుదరదక్కా" అని నవ్వుకుంట చెప్పేది. విచిత్రమేందంటే ఎవరికీ కోపం రాకపోయేది. నేను పదిండ్లకూ పోయి, వచ్చి, పదిమందినీ తిట్టుకునేదాన్ని. ఆమెకంటే ఒక మెట్టు పైన ఉండాలెనని ఒకనాడు నేను ఇరవై సూదులకు దారం ఎక్కించి, గుడ్డ దొరకక పరుపుకు గుచ్చిన. మా ఆయన పనినుంచి వచ్చి ధబేల్మని దానిమీదనే కూసున్నడు. "ఇది పరుపా, అంపశయ్యా?" అని ఆయన లేచి ఎగిరిన ఎగురుడుకు అత్తమ్మ గూడ నవ్వింది. గోడవతల యారాలి నవ్వు ఇనపడ్డది. ఆ నవ్వు నాకు సూదుల కంటే లోతుగ దిగింది.

అప్పటి నుంచి ఆమె తలుపు కొట్టుడు మొదలుపెట్టిన. మొదటిరోజు ఉప్పు అడిగిన. చెంప మీద చాప గీతలు పడి, కండ్లు సగం తెరిచి వచ్చింది. ఉప్పు ఇచ్చి, "లోపటికి రా అక్కా, నువ్వు గూడ జరసేపు ఒరుగు. నీ మొఖం పీక్కపోయింది" అన్నది. "ఒరగనీకి నేనేమన్న రోగిష్టిదాన్నా?" అని ఉప్పు పట్టుకొని వచ్చిన. మా ఇంట్ల జాడీ నిండ ఉప్పున్నది. మర్నాడు అగ్గిపెట్టె, ఆ మర్నాడు జాకెట్టు హుక్కు, ఇంకోనాడు టైమెంతైందని. గోడ గడియారం నా నెత్తిమీదనే కొట్టుకుంటున్నది! ఆమె ఒక్కనాడన్న మొఖం ముడుచుకుంటే నాకు తృప్తిగ ఉండేది. ముడుచుకోలేదు. లేచి ఇచ్చేది, రా అనేది, నేను రాకపోతే మళ్ల పోయి పండుకునేది. ఎట్ల వస్తదమ్మా ఒకసారి లేపినంక మళ్ల నిద్ర!

ఇగ ఓర్వలేక ఒకనాడు అత్తమ్మ కాళ్లు ఒత్తుకుంట అన్న, "పగటిపూట తలుపులు మూసుకుంటే ఇంట్లకు లక్ష్మి ఎట్ల వస్తదత్తమ్మా? గాలరీల అందరు అడుగుతున్నరు." గాలరీల ఎవ్వరూ అడగలేదు. అడిగేటట్టు నేనే నలుగురి చెవుల ఊదిన. ముసలామెకు లక్ష్మి పేరెత్తితే చాలు. మర్నాడు రెండింటికి పోయి బోల్టు పెట్టబోతున్న యారాలి చెయ్యి పట్టుకున్నది. "నేను బతికున్నన్నాళ్లు నా ఇంటి తలుపు పగలు మూసేది లేదు" అన్నది. యారాలు నా దిక్కు ఒక్కసారి చూసి, "సరే అత్తమ్మా" అన్నది. నేను ఫాల్ దిక్కు చూసుకుంట కుట్టుడే కుట్టుడు. ఆ కుట్టు అంత సక్కగ ఎన్నడూ రాలేదు నాకు.

తెరిచిన తలుపంటే చాల్ల పిలుపు లెక్కనే. ఆమె చాప పరిచేసరికి కింది అంతస్తు ముసలమ్మ వచ్చి ఆ చాప మీదనే కూసునేది. ఎవరో నీళ్లు అడిగేది, ఎవరో కూరగాయలు కోసుకుంట కోడలి మీద చాడీలు చెప్పేది. అందరికంటే ముందు పోయేది నేను, అందరికంటే ఎనక లేచేది నేను. మొదటి వారం ఆమె మూట సోమారానికి తయారు కాలేదు. ఆనాడు నేను సేమ్యా పాయసం వండిన, పిల్లలు అడిగిన్రని. పిల్లలు అడగలేదు. రెండో నెలల ఒక పెండ్లి చీరకు ఫాల్ తిరగేసి కుట్టింది, అది వాపసొచ్చింది. ఆ సాయంత్రం గోడవతల బిడ్డను కొట్టిన చప్పుడు ఇన్న. మా యారాలు పిల్లల మీద చెయ్యెత్తుడు నేనెరుగ. నా చేతిల సూది ఆగింది. లేచి పోయి, అత్తమ్మా, పొరపాటున అన్న, దాన్ని పండుకోనియ్యి అని ఒక్క మాట అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. మింగిన. ఎందుకంటే లోపల ఎక్కడనో, ఇప్పుడు ఇద్దరం సమానమైనం అని హాయిగ ఉండె. గింత పాపిష్టి హాయి ఎవరికీ వద్దు.

మూడో నెలల ఆమె కుట్టుపని ఇడిసిపెట్టింది. చీరలు తెచ్చే ఆమె ఆ మూట గూడ తెచ్చి నా ముందటే పడేసింది. గెలిచినందుకు నాకొచ్చిన ఇనాము అది, రెండు మూటల చాకిరి. ఆ ఏడాదే మరిదికి వర్లిల పని దొరికింది, వాళ్లు అక్కడి చాల్లకు పోయిన్రు. పోయేనాడు ఆమె నాకు దండం పెట్టి పోయింది. తర్వాత పెండ్లిళ్లల్ల కలిసినం, అత్తమ్మ పోయినప్పుడు పది దినాలు పక్కపక్కన కూసొని ఏడ్చినం. పగటిపూట ఆమె ఇంటికి మాత్రం ఒక్కనాడు పోలేదు. పోకుండనే ఆమెను మస్తుగ చూసిన. ఎండాకాలం రెండింటికి చెమటలు కారుకుంట కుట్టేటప్పుడు, వర్లిల సముద్రం గాలికి తలుపేసుకొని ఆమె సుఖంగ పండుకున్నట్టు కండ్ల ముందట కనపడేది. నాకు మోకాళ్లు పోయినయి, చూపు తగ్గింది, ఆమె మాత్రం నిద్రపోతనే ఉన్నదని ఇన్నేండ్లు కుళ్లుకున్న.

మంగళారం కోడలి తలుపు కాడ నుంచి లేచినదాన్ని, బేస్తారం బస్సెక్కి వర్లికి పోయిన. చెప్పేద్దామని. చెప్పకుంటే ఈ చెయ్యి మళ్ల ఏదో ఒకనాడు ఆ తలుపు కొడతదని నాకు తెలుసు. పోయేసరికి రెండున్నర దాటింది. తలుపు బార్లా తెరిచున్నది. గడప కాడ కూసొని ఎల్లిపాయలు ఒలుస్తున్నది మా యారాలు. జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది.

"ఏందక్కా, గిట్ల పగటిపూట వచ్చినవు? అందరు మంచిగున్నరు గదా?" అని లేవబోయింది.

"మంచిగనే ఉన్నరు. నువ్వు పండుకోలేదా?" అన్న.

"పండుకునుడా?" అని నవ్వింది. "అది కామాటిపురాలనే పోయిందక్కా."

"ఇక్కడ నీ తలుపు ఎవరు కొడుతరు?"

"ఎవ్వరు కొట్టరు. వచ్చిన కొత్తల ఏడాది దాకా తలుపేసుకొని ఒరిగిన. చెవి మాత్రం తలుపు కాడనే ఉంటుండె. ఇగ కొడుతరు, ఇగ పిలుస్తరు అని. నిద్రెక్కడిది? ఊకె పైకప్పు చూసుకుంట పండేబదులు ఏదన్న పనన్న చేసుకుందామని ఇడిసిపెట్టిన."

గడప మీదనే కూసున్న. "ఆనాడు అత్తమ్మకు చెప్పింది నేనే చెల్లె" అన్న. ఆమె ఎల్లిపాయ పొట్టు ఊదుకుంట, "నాకెరుక" అన్నది. "లక్ష్మి మాట ఎవరు నేర్పిన్రో అత్తమ్మనే చెప్పింది, మేము వచ్చేనాడు."

"మరి ఇన్నేండ్ల నుంచి ఒక్క మాట అడగకపోతివి?"

"అడిగితే నువ్వు కాదంటవు. నువ్వు కాదంటే నాకు ఇంకా కోపమొస్తది." ఒలిచిన పాయలు గిన్నెల వేసి నా మొఖం దిక్కు చూసింది. "కోపం మస్తుండె అక్కా. ఇప్పటికీ జరంత ఉన్నది. చాయ్ తాగుతవా?"

తాగుత అన్న. ఆమె చాయ్ పెట్టింది, నేను మిగిలిన ఎల్లిపాయలు ఒలిచిన. ముప్పై ఏండ్లు నేను కుళ్లుకున్నది ఆమె నిద్రను చూసి కాదు, నేనే చెడగొట్టిన నిద్రను చూసి. నా గంట నేను పండుకోలేదు, ఆమె గంట ఆమెను పండుకోనియ్యలేదు. ఇప్పుడు ఇద్దరికీ పగలంతా ఖాళీనే ఉన్నది, నిద్ర మాత్రం ఏ ఒక్కదానికీ లేదు.