కుందేలు పురుడు

1963 వానాకాలం మొదట్లో నన్ను బోధన్ పశువుల దవాఖానకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. జనం నోట గొడ్ల డాక్టర్. ఎద్దుల మెడపుండ్లు, బర్రెల గొంతువాపు చూసుకుంటూ బతుకుదామనుకున్నాను. ఇంతలో నిజామాబాద్‌లోని పై అధికారి నాలుగు ఆడ కుందేళ్లను, ఒక పోతును పంపించి పెంపకం మొదలుపెట్టమన్నారు. ఆరు నెలల్లో పిల్లలు నిలవకపోతే కుందేళ్లను వెనక్కి తీసుకుంటారట, వాటి కోసం పెట్టుకున్న కూలిమనిషిని కూడా తీసెయ్యాలట.

ఆ కూలిమనిషి పోశవ్వ. యాభై దాటింది, భర్త లేడు. చెరకు కొట్టే పనికి నడుము సహకరించక మా దగ్గర చేరింది. ఆమె పొయ్యి వెలగాలంటే కుందేలు పిల్లలు బతకాలి.

కుందేళ్ల పెంపకం సులువని లోకంలో పేరు. పెంచినవాణ్ని అడగండి చెబుతాడు. ఆడదాన్నే పోతు గూట్లోకి తీసుకెళ్లాలి. పోతును ఆడదాని గూట్లో వదిలితే ఆడది మీదపడి కరుస్తుంది. చూలు నెల రోజులు. ఈనే ముందు తల్లి తన పొట్ట మీది బొచ్చు తానే పీక్కుని పక్క వేస్తుంది. పిల్లలకు ఒంటి మీద నూగు కూడా ఉండదు, ఆ బొచ్చే వాటికి దుప్పటి. ఇదంతా నేను చదువుకున్నదే. పోశవ్వకు మాత్రం చెప్పలేదు, చెప్పాలని తోచనే లేదు. గూళ్లు శుభ్రంగా ఉంచాలని రిజిస్టరులో రాసి చదివి వినిపించాను, అంతే.

మూడు ఈతలు వరసగా పోయాయి. ప్రతిసారీ రెండు రోజులు బాగానే ఉండి, నాలుగో రోజు పొద్దునకు పిల్లలు చల్లబడి ఉండేవి. గూట్లో కొత్త గడ్డి కనిపిస్తే శుభ్రత బాగుందనే అనుకున్నాను. మేత మార్చాను, పిల్లి వస్తోందేమోనని జాలీ బిగించాను. చివరకు పోశవ్వ అశ్రద్ధే కారణమని రిపోర్టు రాసి, సంతకం పెట్టి సొరుగులో ఉంచాను.

నాలుగో కుందేలు చలికాలంలో ఈనింది. రోజూ పగలంతా పల్లెల క్యాంపుల్లోనే ఉండేవాణ్ని, మూడో నాడు క్యాంపు రద్దయి మధ్యలోనే తిరిగొచ్చాను. పోశవ్వ బొచ్చంతా ఊడ్చి పారేసి, గూటిని పసుపు నీళ్లతో కడుగుతోంది. పిల్లలు పక్కన గడ్డి మీద వణుకుతున్నాయి. గట్టిగా అరిచాను. ఆమె బెదరలేదు.

"మూడోనాడు పురుడు కడుగద్దా సారూ? గా మైల బొచ్చుల పసిగుడ్లను ఎట్ల పండవెడ్తరు? నా కోడలుకు గిట్లనే జేసిన. గూడు సాఫ్ ఉండాలని మీరే అంటిరి గద!"

ఇద్దరం కూర్చుని పొడిగా ఉన్న బొచ్చంతా ఏరి, పిల్లల్ని అందులో కప్పి పెట్టాం. అది ఎందుకో అప్పుడు చెప్పాను. ఆమె చేతులు చూసుకుంటూ, "అయ్యో, గన్ని పిల్లలను నేనే సంపిన్నా సారూ?" అంది. చెప్పాల్సింది చెప్పని తప్పు నాదేనన్నాను. నిజంగా సిగ్గుపడ్డాను.

ఆరింటిలో నాలుగు బతికాయి. కుందేళ్లూ ఉన్నాయి, పోశవ్వా ఉంది. రిపోర్టు చించేశాను. తర్వాత ఏ కుందేలు ఈనినా, మూడో నాడు ఆమె గూటి జోలికి పోకుండా చుట్టూ నేల మీద మాత్రం పసుపు నీళ్లు చల్లేది. నేను వద్దనలేదు. ఇప్పుడు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇంటి గడపకు పసుపు రాస్తుంటే ఆ గూళ్లు, ఆమె గొంతు గుర్తుకొచ్చి ఆ రోజుల మీదికి మనసు పోతుంది.

తర్వాత చాలా చోట్ల పనిచేశాను. ఎవరి మీదైనా రిపోర్టు రాసే ముందు, వాళ్లు పని చేస్తుండగా ఒక రోజు పక్కన నిలబడి చూసేవాణ్ని. అది నేర్చుకోవడానికి నాకు మూడు ఈతలు పట్టింది.