తార్నాక వాలులో బురద టైర్లు

సికింద్రాబాద్ స్టేషన్ బయట నన్ను తీసుకుపోవలసిన బండిని చూడకముందే విన్నాను. మే నెల. ఉదయం ఏడు. భుజాన కిట్‌బ్యాగ్, చంకలో పరుపుచుట్ట. చిలకలగూడ వైపు నుంచి తేనెపట్టు కదిలినట్టు ఒక హోరు లేచింది. అది పెరిగి, మలుపు తిరిగి, ఆకుపచ్చ మూడు టన్నుల లారీగా మారి నా ముందు ఆగింది.

డ్రైవర్ దూకి సావధాన్‌గా నిలబడ్డాడు. లాన్స్‌నాయక్. నల్లగొండ వైపు రైతు కుటుంబం.

"ఇంజన్‌కు ఏమైనా రోగమా?" అని అడిగాను.

"ఇంజన్ మంచిగున్నది సార్. గది టైర్ల పాట. గీ బండి వస్తున్నదంటే వారాసిగూడల పండుకున్నోళ్లు గూడ లేస్తరు."

వంగి చూశాను. టైరు నిండా మందపాటి రబ్బరు దిమ్మెలు. వాటి మధ్య వేలు దూరేంత గాడులు. బురదను కరిచి పట్టుకునే టైర్లు. వాటిని నేను ఎరుగుదును. రెండేళ్ల కిందట పశ్చిమ సరిహద్దులోని ఉప్పునేలల్లో, అవి లేని బండ్లు ఇరుసుదాకా దిగబడి అక్కడే ఉండిపోయాయి. అవి ఉన్న బండ్లు తిరిగి వచ్చాయి. ఇది ఎవరో చెప్పిన మాట కాదు. తిరిగి వచ్చిన ఒక బండిలో నేనున్నాను.

"తార్రోడ్డు మీద ఇవెందుకు?"

"రోడ్డు టైర్ల సెట్టు స్టోర్ల ఉన్నది సార్. సుబేదార్ సాబ్ ముట్టనియ్యడు. గీ టైర్లు ఆయనకు దేవుని లెక్క."

మా కొలువు విశ్వవిద్యాలయం ఆవరణలో. విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే చిన్న యూనిట్. రేకుల బారకులు, వాటి వెనుక ఏనుగులు పడుకున్నట్టు రాతిగుండ్లు, వాటికవతల ఎర్రమొరం మైదానం. మైదానం చివర వాగు. వాగు దాటితే ఫైరింగ్ రేంజ్. వానాకాలంలో ఆ వాగులోకి మామూలు బండి దిగితే ఎక్కదు. కనుక బురద టైర్లకు అక్కడ పని ఉంది. మిగిలిన పనంతా తార్రోడ్డు మీదే. క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తాకు వాలు, అక్కడి నుంచి సికింద్రాబాద్ డిపోకు, తిరిగి పైకి.

నేను బండ్ల మరమ్మతు హవల్దార్‌ను. సైన్యంలో చేరకముందు అనంతపురంలో భౌతికశాస్త్రం చదివాను. ఎవరు ఏ మాట చెప్పినా "నీకెలా తెలుసు?" అని అడిగే అలవాటు అక్కడ పట్టింది. బారకుల్లో ఇది మనిషికి స్నేహితులను పెంచే అలవాటు కాదు.

సుబేదార్ సాబ్‌ది మెదక్ వైపు వ్యవసాయ కుటుంబం. గుబురు మీసం, తగ్గని గొంతు. ఉప్పునేలల్లో ఒక్క లారీలో, గుండ్ల వర్షం కింద, తన సెక్షన్ మొత్తాన్ని బయటికి తెచ్చిన మనిషి. ఆ లారీ ఇదే. ఆ టైర్లు ఇవే. ఆయన నమ్మకానికి పునాది ఉందని మొదటి రోజే గ్రహించాను. పునాది ఉన్న నమ్మకాన్ని కదిలించడం కష్టమని తరువాత గ్రహించాను.

జూన్‌లో తొలకరి. సాయంత్రం నాలుగు. షెడ్డులో కార్బురేటర్ విప్పుతున్నాను. వైర్‌లెస్ ఆపరేటర్ తడిసి ముద్దై పరుగెత్తి వచ్చాడు.

"సార్, మన బండి తార్నాక చౌరస్తాల హోటల్ల వడ్డది!"

"హోటల్‌లోకి పోయిందా?"

"లోపలికి గాదు సార్. హోటల్ మీదికి."

జీపులో వాలు దిగి వెళ్లాం. చౌరస్తా మూల టీ హోటల్ వసారా స్తంభం విరిగి వాలింది. లారీ బంపర్ కింద ఒక రిక్షా అప్పడంలా అణిగి ఉంది. రిక్షా తొక్కేవాడు ఆఖరి క్షణంలో దూకాడు. మోకాలు గీరుకుపోయింది. హోటల్ మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అడ్డం వచ్చిన రిక్షాను చూసి మా డ్రైవర్ బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. జరిగింది ఇంతే. మిగిలినవన్నీ వాదాలు.

మొదటి వాదం: డ్రైవర్ తాగి ఉన్నాడు. డాక్టర్ ఆ సాయంత్రమే పరీక్షించి లేదన్నాడు. అది అక్కడితో ముగిసింది.

రెండవ వాదం హోటల్ సేఠ్‌ది. "చాలీస్ మీద వచ్చిండు సాబ్! ఖుదా కసమ్. గల్లా కాడ కూసున్న. గంత స్పీడు నా జిందగీల వినలే."

నలభై మైళ్ల వేగమట. 'వినలే' అన్నాడు, 'చూడలే' అనలేదు. గల్లా దగ్గర నుంచి చూశాను. మధ్యలో అద్దాల బీరువా, బిస్కెట్ల సీసాలు. వాలు అక్కడికి కనబడదు.

మూడవ వాదం సుబేదార్ సాబ్‌ది. "గా టైర్లు జారవు. ఉప్పుల జారలే, బురదల జారలే. గీ సాఫ్ రోడ్డు మీద జారుతయా? వీడు ఉరికిచ్చిండు, గుద్దిండు."

డ్రైవర్ ఒక్క మాటే చెప్పాడు. "ఇరవై మీదనే ఉన్న సార్. బ్రేకు తొక్కిన. చక్రాలు ఆగినయ్. బండి ఆగలే."

విచారణ శనివారం. మా యూనిట్ అధికారి మేజర్ సాబ్ ముందు. నేరం రుజువైతే లాన్స్‌నాయక్ పట్టీ పోతుంది. డ్రైవర్ పని పోతుంది. సర్వీసు ముగిసేదాకా లంగర్ వంటశాలలో గంజి గిన్నెలు తోమాలి. ఆ రాత్రి అతను భోజనం ముట్టలేదు. "పట్టీ వోతే పోనీ సార్," అన్నాడు. "స్టీరింగు వోతే నా చేతులకు ఇంకేమొస్తది?"

పాఠకులు గమనించాలి. నేను అప్పటికి అతన్నీ నమ్మలేదు. నా పాఠ్యపుస్తకం ప్రకారం రాపిడికి తాకే విస్తీర్ణంతో సంబంధం లేదు. టైరుకు దిమ్మెలున్నా నున్నగా ఉన్నా బ్రేకు దూరం మారకూడదు. అంటే పుస్తకం సుబేదార్ సాబ్ పక్షాన ఉంది. కాని ఆ పుస్తకం చెక్కదిమ్మె గురించి రాసింది. రబ్బరు గురించి, తడి తారు గురించి, తొలకరికి రోడ్డు మీద తేలే నూనె జిడ్డు గురించి అందులో ఒక్క వాక్యం లేదు.

మేజర్ సాబ్ ఉత్తరాది మనిషి. హిందీలో చెప్పాడు: "శనివారం దాకా నీ ఇష్టం. రుజువు తెచ్చావా, వింటాను. తేలేదా, నోరు విప్పకు."

ముందు సేఠ్ చెవులను పరీక్షించాను. స్పీడ్ మీటరును నమ్మలేదు. టైరు చుట్టుకొలత మారితే మీటరు లెక్క మారుతుంది. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం కొలిచి, స్టాప్‌వాచ్‌తో ప్రతి పరుగునూ సరిచూశాను. వేగం ఇరవై మైళ్లు. వాలు పైన ఒక వైర్‌లెస్ సెట్టు, హోటల్ దగ్గర ఒకటి. సేఠ్‌ను గల్లా దగ్గరే, వీధికి వీపు పెట్టి కూర్చోబెట్టాను.

"కింద నుంచి పైకి. రోడ్డు ఖాళీ. వదలండి. ఓవర్."

"పైన నుంచి. బండి కదిలింది. ఓవర్."

బురద టైర్ల హోరు వాలు మీదుగా దిగి హోటల్ గాజుగ్లాసులను గలగలలాడించింది. సేఠ్ కూర్చున్నచోటనే ఎగిరాడు. "చాలీస్! చాలీస్ కన్న ఎక్కువనే!"

టైర్లు మార్చాం. అదే బండి, అదే వేగం. ఈసారి పెద్ద చప్పుడేమీ లేదు.

"గిది రోడ్డు మీద బోయే బండి లెక్కున్నది. బీస్. ఎక్కువంటే బాయీస్." ఇరవై, మించితే ఇరవై రెండు అన్నాడు సేఠ్.

స్టాప్‌వాచ్ చూపించాను. సేఠ్ అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. తరువాత రెండు చెవులూ పట్టుకున్నాడు. "అరె తౌబా. నేను ఝూట్ చెప్పలే సాబ్. గా టైర్లే నాకు ఝూట్ చెప్పినయ్."

వేగం వాదం కూలింది. జారుడు వాదం మిగిలింది. సుబేదార్ సాబ్ మెస్ గుమ్మంలో నన్ను ఆపాడు.

"ఏంది హవల్దార్, నీ బియ్యెస్సీల టైర్ల ముచ్చట ఉన్నదా?"

"లేదు సాబ్. అందుకే బండితోనే అడగల్ల అంటాండా."

"నడిపేటోడు ఎవడు? నీ దోస్తేనా? నెమ్మదిగ తొక్కి జారినట్టు నాటకమాడుతడు."

"మీరే నడపండి సాబ్."

ఆయన మీసం దువ్వాడు. "మంచిది. బ్రేకు ఎట్ల తొక్కాలెనో నేను చూపిస్త."

శుక్రవారం ఉదయం తొమ్మిది. క్యాంపస్‌లో చదునైన రోడ్డు. తోట నీళ్ల ట్యాంకరుతో తడిపాం. సుద్దతో అడ్డంగా గీత. గీత దగ్గర బ్రేకు పూర్తిగా తొక్కాలి. ఇక్కడ వాలు లేదు కనుక దానికి బదులు అయిదు కలిపి, వేగం ఇరవై అయిదు. ప్రమాదం నాడు బండిలో ఉన్న గుడారాల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు. మేజర్ సాబ్ కుర్చీ వేయించుకున్నాడు. డ్రైవర్ చేతులు వెనక్కి కట్టుకుని, రోడ్డు వైపు చూడలేక ఒక గుండుకు ఆనుకుని నిలబడ్డాడు. క్లాసులకు పోతున్న విద్యార్థులు పుస్తకాలతో గోడలెక్కారు.

ముందు రోడ్డు టైర్లు. నలభై అడుగుల లోపల బండి నిలిచింది. సుబేదార్ సాబ్ దిగి తొడ చరిచాడు. "చూసినవా? బ్రేకంటే గిది!"

టైర్లు మార్చాం. రోడ్డును మళ్లీ తడిపాం. హోరు మొదలైంది. పెరిగింది. గీత మీదికి వచ్చింది. ఠక్కున మాయమైంది. చక్రాలు తిరగడం మానేశాయి కనుక చప్పుడూ మానేసింది. ఆ నిశ్శబ్దంలో మూడు టన్నుల లారీ మా ముందు నుంచి పడవలా పోయింది. లోపల సుబేదార్ సాబ్ నిటారుగా, రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి, పరేడ్‌లో గౌరవ వందనం అందుకుంటున్నవాడిలా ఎదురుగా చూస్తున్నాడు.

గోడ మీద నుంచి ఎవడో కండక్టర్ గొంతుతో అరిచాడు. "టికెట్! టికెట్! ఆర్ట్స్ కాలేజీ దిగేటోళ్లున్నరా?"

బండి డెబ్బై అడుగులు దాటి, తోక కొంచెం పక్కకు తిప్పి ఆగింది. నవ్వులు ఆగాయి. సుబేదార్ సాబ్ దిగాడు. కొలత టేపు రెండో కొన తానే పట్టుకున్నాడు. అంకె చూశాడు.

"మల్ల," అన్నాడు.

మళ్లీ తడిపాం. మళ్లీ తొక్కాడు. ఈసారి ఇంకా దూరం పోయింది. దిగి టోపీ తీశాడు. "చాలు హవల్దార్."

"చాలదు సాబ్. మళ్లీ రోడ్డు టైర్లు వేసి చూడల్ల. రోడ్డే ఇందాకటికన్నా జారుడుగా మారిందేమో."

మేజర్ సాబ్ నవ్వాపుకోలేక గొంతు సవరించుకున్నాడు. సుబేదార్ సాబ్ నా వైపు ఒక క్షణం గుడ్లురిమి, తరువాత డ్రైవర్‌ను కేకేశాడు. "గాడ గుండుకేమి కాపలా ఉన్నవ్‌రా? జాకీ పట్టు!" తానూ చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చక్రాలు బిగించారు. రోడ్డు టైర్లతో బండి మళ్లీ నలభైలోపే ఆగింది. అప్పుడు నేను ఒప్పుకున్నాను. బురద ఆ దిమ్మెలకు పట్టు ఇస్తుంది. తారు ఇవ్వదు. తడి తారు మీద నిలిచేది వాటి కొనలు మాత్రమే, అవీ గట్టి రబ్బరు.

శనివారం విచారణ పొద్దున్నే ముగిసింది. నేను కొలతలు చదివాను. సేఠ్ వచ్చి తన చెవుల గురించి చెప్పాడు. చివరికి సుబేదార్ సాబ్ అడుగు ముందుకు వేసి సెల్యూట్ కొట్టాడు. "సాబ్, టైర్లు మార్చొద్దని హుకుం ఇచ్చింది నేను. పోరని పేరు కొట్టేసి నాది రాయుండ్రి."

మేజర్ సాబ్ డ్రైవర్‌ను నిర్దోషిగా విడిచాడు. సుబేదార్‌కు నోటిమాటగా మందలింపు. యూనిట్ తరఫున రిక్షావాలాకు కొత్త రిక్షా. స్తంభం మా జవాన్లే కట్టారు. ఇకపై తార్రోడ్డుకు రోడ్డు టైర్లు. బురద టైర్లు రేంజ్ పనికి మాత్రమే. తప్పనిసరై వాటితో రోడ్డెక్కితే, వానలో వేగం పదిహేను దాటకూడదు, ముందు బండికి మామూలుకు నాలుగింతల ఎడం ఉండాలి. ఈ హుకుం షెడ్డు తలుపు మీద పెయింటుతో రాయించింది సుబేదార్ సాబే.

ఆ సాయంత్రం బారకులో పండగ. లంగర్‌లో ఖీర్ వండారు. డ్రైవర్ మూడు గిన్నెలు తిన్నాడు. వైర్‌లెస్ ఆపరేటర్ సెట్టు ముందు కూర్చుని, అవతల ఎవరూ లేకపోయినా, "కింద నుంచి పైకి, మనం గెలిచినం, ఓవర్" అని పదే పదే పంపాడు. సోమవారం డ్రైవర్ మళ్లీ స్టీరింగ్ పట్టి వాలు దిగాడు. సేఠ్ మా ఇద్దరికీ టీ పోసి ఫిర్యాదు చేశాడు. "ఆవాజే లేకపాయె. మీరొస్తున్నరని నాకెట్ల తెల్వాలె? పాలు ముందే మరగబెట్టెటోణ్ని."

మరుసటి ఏడు భాద్రపదంలో నా సర్వీసు ముగిసింది. స్టేషన్‌కు అదే బండి, అదే డ్రైవర్. అతని చేతికి అప్పటికి రెండు పట్టీలు. సన్నగా వాన. తార్నాక చౌరస్తా దగ్గర, తలమీద గంపతో ఒక ముసలమ్మ అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. బండి నిలిచింది. ఆమె గంపలోంచి ఒక సీతాఫలం జారి మా ముందు పడింది.

అనంతపురం చేరాను. ఊళ్లో అందరూ సరిహద్దు గురించే అడుగుతారు. ఉప్పునేలల గురించి చెబుతాను. చెబుతుండగా నా కళ్ల ముందుకు వచ్చేది మాత్రం తార్నాకే. తడిసిన తార్రోడ్డు. కదలకుండా నిలిచిన లారీ. బంపర్‌కు రెండు బారల దూరంలో, ఒక చేత్తో గంప పట్టుకుని తాపీగా వంగి, పండు చెడిందా లేదా అని తిప్పి తిప్పి చూసుకుంటున్న ముసలమ్మ. ఆమె ఒక్కసారైనా తలెత్తి మా వైపు చూడలేదు.