తిప్పమ్మ బోరింగు

తొంభై తొమ్మిదిలో సరిగ్గా చెనిక్కాయ పెరికే వేళకు ఊరి బోరింగు చెడిపోయింది. ఉరవకొండ పక్కనున్న ఆ పల్లెలో ఆడవాళ్లకు చేతినిండా కూలి దొరికేది ఆ కాసిని రోజులే. చేనిబావి దాకా నడిచి బిందెలు మోసుకొచ్చేసరికి పొద్దు బారెడెక్కేది. కూలికి పిలిచే మేస్త్రి సుబ్బరత్నమ్మకు ఒళ్లు మండింది.

"రేపొక్క దినం చూస్తా. ఎల్లుండి గూడా ఇట్లే వస్తే పక్కూరోళ్లను పిలుచుకుంటా. పదను ఆరితే కాయ భూమిలోనే తెగిపోతాది."

మెకానిక్కు వచ్చేసరికి వారం పడుతుందని కబురొచ్చింది. అతను వచ్చినప్పుడల్లా పైపులు పట్టి, పానాలు అందించి, అతని చేతుల్నే చూస్తూ నిలబడిన మనిషి తిప్పమ్మ. పంచాయతీ గదిలో పడున్న పానాలు, కొత్త తోలు వాచర్లు తెచ్చి బోరింగు దగ్గర పెట్టింది.

"ఊడదీసేది సరే అక్కా, బిగిచ్చేది యెవురు?" అంది పక్కింటి హేమావతి.

"మాటలు మళ్లీ ఆడుదువులే, పైపు పట్టు."

ఆ సాయంత్రం ఆడవాళ్లంతా కలిసి పైపులు పైకి లాగారు. తిప్పమ్మ అరిగిన వాచర్లు తీసి కొత్తవి వేసి, అన్నీ దించి బిగించింది. పిడి ఎంత కొట్టినా చుక్క రాలేదు.

"గాలి బాగొస్తాంది, చెమట ఆరబెట్టుకుందాం," అంది హేమావతి. ఎవరూ నవ్వలేదు.

తిప్పమ్మ పాత వాచరు చేతిలోకి తీసుకుంది. అరిగినా మెత్తగా ఉంది. మిగిలిన కొత్తది ఒకటి నొక్కి చూస్తే చెక్కలా ఉంది. ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలుతొండానికి వాళ్ల నాయన ఆముదం పట్టించిన తర్వాతే బావిలోకి దించేవాడు. ఎండుతోలు నీళ్లు ఆపదు.

"తప్పు నాదే," అంది. "మళ్లీ లాగల్ల."

తిట్టుకుంటూనే లాగారు. రాత్రంతా వాచర్లు చెనిక్కాయ నూనెలో నానాయి. మరునాడు కూలి నుంచి రాగానే, నడుములు నొస్తున్నా, అందరూ మళ్లీ పైపులు పట్టారు. చీకటి పడకముందే బోరింగు దబదబా నీళ్లు పోసింది.

తెల్లారి పొద్దు పొడవకముందే అందరూ చేలో ఉన్నారు. సుబ్బరత్నమ్మ సాళ్లు పంచింది.

ఆ తర్వాత బోరింగు మొరాయించినప్పుడల్లా తిప్పమ్మ ఊళ్లోనే ఆగిపోయేది. ఆమె సాలు మిగతావాళ్లు తలా కాస్త పెరికేవాళ్లు. ఆ దినం ఆమె కూలి తగ్గించకూడదని సుబ్బరత్నమ్మతో గట్టిగా మాట్లాడుకున్నారు.

"నీ సాల్లోనే గడ్డి ఎక్కువుండాది సూడక్కా," అని హేమావతి మాత్రం ప్రతిసారీ దెప్పేది. దెప్పుతూనే అందరికన్నా ముందు ఆ సాల్లోకి వంగేది.